రీడింగు బాబాయి బోర్డుకి వెళ్ళిన కథ

కాగితం మిల్లులో అతని అసలు పేరు జీతాల గుమాస్తాకి ఒక్కడికే తెలుసు. మిగిలినవాళ్ళందరికీ అతను రీడింగు బాబాయి. బాయిలరు ముందు నిలబడి గంటకోసారి గేజీలు చూడటం, ఆవిరి ఒత్తిడి ఎంత, నీళ్ళ మట్టం ఎంత అని పుస్తకంలో రాయడం బాయిలరు మనుషులందరి పనే. కాని అందరూ షిఫ్టు చివర్లో కూర్చుని ఎనిమిది గంటల రీడింగులూ ఒక్క ఊపులో గిలికి పారేస్తే, ఇతను మాత్రం గంట గంటకీ లేచి వెళ్ళి, కళ్ళతో చూసి రాసేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క అంకె కూడా ఊహించి రాయలేదు. అంత నిజాయితీకి మిల్లు అతనికిచ్చిన బహుమానం ఆ పేరొక్కటే.

బాయిలరు హౌసులో పనిచేసినవాడికి మూడు మిగులుతాయి. ఎంత రుద్దినా పోని మసి, సగం పోయిన చెవులు, ఎప్పుడూ ఆరిపోయే నోరు. ఆ హోరులో పక్కనున్నవాడితో మాట్లాడాలన్నా కేక పెట్టాల్సిందే. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. అతను మంచినీళ్ళు అడిగినా పక్కింటివాళ్ళకి మొగుడూ పెళ్ళాల పోట్లాటలా వినిపించేది. ఒకసారి పక్కింటావిడ సర్దిచెబుదామని కూడా వచ్చింది. "ఏం లేదమ్మా, కూరలో ఉప్పు సరిపోయిందని చెబుతున్నారు" అని భార్య నవ్వు ఆపుకుంటూ ఆవిణ్ణి పంపేసింది.

ఆ ఉద్యోగం మీద అతనికి మనసు విరిగింది పెద్దాయన పోయిన రోజున. పెద్దాయనంటే అతనికి పని నేర్పినవాడు, ఇరవై రెండేళ్ళు ఒకే షిఫ్టులో భుజం భుజం కలిపినవాడు. అరవై నిండగానే మేనేజరు నాలుగు మంచి మాటలు చెప్పి, గోడ గడియారం ఒకటి చేతిలో పెట్టి సాగనంపాడు. ఇక కడుపునిండా నిద్రపోతానురా అంటూ వెళ్ళాడు పెద్దాయన. పందొమ్మిదో రోజున పోయాడు. చూడటానికి వెళితే గడియారం ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. మనిషిని ముప్పై ఎనిమిదేళ్ళు పిప్పి చేసి, పందొమ్మిది రోజులు మిగిల్చి ఇంటికి పంపారన్నమాట. ఆ లెక్క అతని బుర్రలో మేకులా దిగిపోయింది.

"నేను మాత్రం అరవై దాకా ఉండనే" అన్నాడు ఆ సాయంత్రం భార్యతో. "కాలూ చెయ్యీ ఆడుతుండగానే ఇంటికొచ్చేస్తాను."

"వస్తే నేను వద్దన్నానా? కాని ఊరికే మానేస్తే సగం పింఛనేగా ఇచ్చేది. సగంతో ఎలా గడుస్తుంది?" అందామె. ఆమె ఇంట్లోనే బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. గుడ్డ ఎంతుందో చూడకుండా కత్తెర ఎత్తే మనిషి కాదు.

సగం కాకుండా మొత్తం వచ్చే దారి ఒకటుందని చెప్పింది ఆమె అన్నయ్య. ఆయన మిల్లు ఆఫీసులోనే గుమాస్తా, రూల్సు పుస్తకం మొత్తం నోటికొచ్చు. మెడికల్ బోర్డు ముందుకి వెళ్ళి, ఈ మనిషి పనికి పనికిరాడని వాళ్ళ చేత సంతకం చేయించుకుంటే, వయసుతో పని లేకుండా పూర్తి పింఛను ఇస్తారు. "అందరికీ ఇచ్చేస్తారేంటి బావా?" అని ఇతను అడిగితే, "ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి బావా. నీకేమో ఒంట్లో ఏ రోగమూ లేదాయె" అని ఆయన నిజంగానే జాలిపడ్డాడు.

ఆ జాలి ఎంతో కాలం అక్కర్లేకపోయింది. ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం బాయిలరు ముందు అతను కళ్ళు తిరిగి పడిపోయాడు. మిల్లు డిస్పెన్సరీలో చూస్తే షుగరు మూడొందల నలభై, బీపీ నూట తొంభై మీద నూట పది. రోజుకో సిగరెట్టు పెట్టె, ఎనిమిది కప్పుల టీ, ప్రతి కప్పులో మూడు చెంచాల పంచదార. అన్నీ కలిసి ఎన్నాళ్ళుగా లోపల రాజుకుంటున్నాయో ఎవరికి తెలుసు? ఎప్పుడైనా చూసుకుంటేగా. బాయిలరుకి గంటకోసారి రీడింగు తీసే మనిషి తన ఒంటికి ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తీయించుకోలేదు.

డిస్పెన్సరీ డాక్టరు మంచివాడు. "ఈ అంకెలతో బోర్డుకి వెళితే వాళ్ళు తల కూడా ఎత్తకుండా సంతకం పెట్టేస్తారు. రాసివ్వమంటారా?" అన్నాడు.

ఆ రోజు అవునంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఇంటికెళ్ళి అడిగి చెబుతానన్నాడు అతను. ఇంట్లో భార్య ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఆ తరువాత ఆలోచించింది. ఆమె ఆలోచనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే అసలు దుఃఖం.

"ఇంటి సంగతేంటి?" అంది. "స్లాబు రెండు చోట్ల కురుస్తోంది. బాత్రూం గోడ చెమ్మెక్కి వంటింట్లోకి ఉబ్బుతోంది. ఉద్యోగంలో ఉన్నంతసేపే కదా ఇంటి మరమ్మతుకని ప్రావిడెంటు ఫండులోంచి డబ్బు తీసుకోనిచ్చేది. మానేశాక వచ్చే పింఛను తిండికీ మందులకీ సరిపోతుంది. అప్పుడు వానొస్తే మంచం మీద గొడుగేసుకుని కూర్చుంటారా?"

అందుకని ముందు ఇల్లు, తరువాత బోర్డు అనుకున్నారు. డాక్టరుతో చెబితే, "సరే, మీ ఇష్టం. ఈలోగా మందులు మాత్రం మానకండి" అన్నాడు.

ఇల్లు బాగుచేయించడం అంటే ఏమిటో అప్పటిదాకా వాళ్ళకి తెలియదు. తాపీమేస్త్రి వచ్చి గోడ మీద వేళ్ళతో కొట్టి చూసి, రెండు వారాల పని అన్నాడు. అతను ఏ పని చూసినా రెండు వారాలే అంటాడని తెలిసేసరికి మూడు నెలలు గడిచాయి. బాత్రూం గోడ విప్పితే లోపల గొట్టం పగిలి ఉంది. గొట్టం తీస్తే నేల కుంగి ఉంది. నేల తవ్వితే గుమ్మం చెక్క అడుగున చెదలు. "విప్పితేనే కదండీ తెలిసేది" అనేవాడు మేస్త్రి ప్రతిసారీ, అదేదో కొత్తగా కనిపెట్టినట్టు. సిమెంటు తడి ఆరేదాకా ఆగాలి, ఆరాక మేస్త్రి కోసం ఆగాలి, మేస్త్రి వచ్చాక ఇసుక కోసం ఆగాలి. ఇంట్లో సామానంతా ఒక గదిలోకి చేర్చి, మిగిలిన గదిలో ఇద్దరూ సర్దుకున్నారు. కుట్టుమిషను మీద దుమ్ము పడకుండా ఆమె తన పాత చీర కప్పేది. మేస్త్రి వాళ్ళకి మూడు చెరువుల నీళ్ళు తాగించాడు. పని మాత్రం శుభ్రంగా చేశాడు, అది ఒప్పుకోవాలి.

ఆ దుమ్ములోనే ఆమె రెండో మరమ్మతు మొదలుపెట్టింది. అది మొగుడి ఒంటికి.

"ఇంట్లో హాయిగా కూర్చోడానికి ముందు మనిషి ఉండాలి కదండీ" అంది. తెల్లవారుజామున మిల్లు అయిదింటి సైరను మోగగానే నడకకి వెళ్ళమని తట్టి లేపేది. కాదు కూడదంటే దుప్పటి లాగేసేది. పొద్దున షిఫ్టు ఉన్న వారం సాయంత్రం పంపేది. సిగరెట్లు మానిపించడానికి అతని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మొదటి పదిహేను రోజులూ అతను కనిపించినవాడి మీదల్లా కస్సుమన్నాడు. టీలో పంచదార మూడు చెంచాల నుంచి రెండుకీ, రెండు నుంచి ఒకటికీ, ఒకటి నుంచి సున్నాకీ దిగింది. సున్నా అయిన రోజున ఒక గుక్క తాగి, "ఇది టీయా, గిన్నె కడిగిన నీళ్ళా?" అని అరిచాడు. ఆమె తన కప్పు కూడా ముందుకి జరిపి చూపించింది. అందులోనూ పంచదార లేదు. ఆమెకి ఏ షుగరూ లేదు. అతను చివరి చుక్కదాకా తాగేశాడు.

మిల్లుకి బస్సు మానేసి సైకిలెక్కాడు. బస్సు డబ్బులూ సిగరెట్టు డబ్బులూ నెల కాగానే బ్యాంకులో వేసేవాడు. ఒంటికి మంచిది జేబుకీ మంచిదవుతుందని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదేమని ఆశ్చర్యపోయాడు. చెబితే అతను వినేవాడు కాదనేది వేరే సంగతి.

ఇక అలవాటు ఎక్కడికి పోతుంది? మిల్లు స్టోర్సులోంచి బాయిలరు పుస్తకమే ఒకటి అడిగి తెచ్చుకున్నాడు, అట్ట కట్టి గళ్ళు గీసి ఉన్నది. ఆవిరి ఒత్తిడి అన్న చోట బీపీ, నీళ్ళ మట్టం అన్న చోట షుగరు, బొగ్గు అన్న చోట తిండి, వివరాలు అన్న చోట ఎంత దూరం నడిచాడన్నది. వేలి చివర పొడుచుకుని చూసుకునే చిన్న మిషనూ బీపీ మిషనూ కొనుక్కున్నాడు. పొద్దునా సాయంత్రం తప్పకుండా రాశాడు. ఒక రోజు ఎవరో పిలిచి మిఠాయి పెడితే, "మిఠాయి రెండు ముక్కలు, తప్పు నాదే" అని కూడా రాసుకున్నాడు.

"ఇంకా నయం, నా నాడి కూడా పట్టుకుని రాసేయడం లేదు" అని భార్య దెప్పేది. కాని అతను డ్యూటీకి వెళ్ళాక పుస్తకం తెరిచి, వేలు పెట్టి అంకెలు చదువుకునేది. మూడొందల నలభై రెండొందల యాభై అయింది. రెండొందల యాభై నూట ఎనభై అయింది. పద్నాలుగో నెలలో మిషను నూట పన్నెండు చూపించింది.

ఈ లోపల ఇంకొకటి జరిగింది, అది ఏ గడిలోనూ రాయలేదు. మొదట్లో అతను ఒక్కడే నడిచేవాడు. నిజంగా నడుస్తున్నాడా, సందు చివర కూర్చుని వస్తున్నాడా అన్న అనుమానంతో ఆమె వెంట రావడం మొదలుపెట్టింది. తరువాత అనుమానం పోయినా రావడం మానలేదు. బడి మైదానం చుట్టూ ఇద్దరూ నాలుగు చుట్లు తిరిగేవాళ్ళు. షిఫ్టుల బతుకులో వాళ్ళిద్దరూ కలిసి తిన్న పూటలే తక్కువ. అతను వచ్చేవేళకి ఆమె నిద్రలో ఉండేది, ఆమె లేచేవేళకి అతను నిద్రలో ఉండేవాడు. ఇప్పుడు రోజుకో గంట మాటలు. యూనిఫారాల గుడ్డలో టోకు కొట్టువాడు చేసే మోసం, ఆమె చిన్నప్పటి బడి, పెద్దాయన వేసే జోకులు. అతనికి కుడి చెవి కాస్త నయం కాబట్టి ఆమె ఎప్పుడూ కుడివైపే నడిచేది. పెళ్ళయిన కొత్తలో కూడా వాళ్ళు ఇన్ని మాటలు చెప్పుకోలేదు.

"మీరు మానేశాక పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వద్దామండీ" అంది ఒక రోజు. అతను తల ఊపాడు. ఆ నడకల కోసమే తను బతుకుతున్నానని ఆమెకి చెప్పాలనుకుని, చెప్పలేక, మైదానంలో కంకరెక్కువైందని ఏదో అన్నాడు.

పద్నాలుగు నెలలకి ఇల్లు పూర్తయింది. స్లాబు కురవడం లేదు. గోడలకి లేత నీలం రంగు వేశారు. ఫండులో ఇల్లు తినగా మిగిలింది కొంచెమే అయినా పూర్తి పింఛను కలిస్తే గుట్టుగా గడిచిపోతుందని ఆమె లెక్క తేల్చింది. ఇక బోర్డుకి దరఖాస్తు పెట్టాడు. బావ పాత రిపోర్టులన్నీ తనే ఫైలులో సర్ది ఇచ్చాడు.

"అయిదు నిమిషాల పని బావా. ఈ ఫైలివ్వు. అడిగినదానికి అవునండీ అను, బయటికొచ్చెయ్. అంతకుమించి నోరు విప్పకు. నీ ముక్కుసూటితనం అక్కడ పనికిరాదు" అని పదిసార్లు చెప్పాడు. ఒంట్లో కాస్త నెమ్మదించిందని అతను చెబితే, "నెమ్మదించనీ. షుగరు ఒకసారి ఒంట్లోకి వచ్చాక పోయేదా? అయినా వాళ్ళు చూసేది పాత కాగితాలే" అని కొట్టిపారేశాడు.

అతను ఫైలు పట్టుకున్నాడు. రెండో చంకలో ఆ రీడింగు పుస్తకం కూడా పెట్టుకున్నాడు. ఎందుకంటే ఏం చెప్పగలం? ఏటా బాయిలరు తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన బాయిలరు వైపు కన్నెత్తి చూసే ముందు పుస్తకం ఏదీ అంటాడు. పుస్తకం లేకుండా తనిఖీకి నిలబడటమంటే ఒంటి మీద గుడ్డ లేకుండా నిలబడటమే. ముప్పై ఒక్క ఏళ్ళుగా నరాల్లో ఇంకిపోయిన సంగతి అది. ఆ పొద్దున కాళ్ళు చెప్పులు ఎలా వెతుక్కున్నాయో, చెయ్యి పుస్తకాన్ని అలాగే వెతుక్కుంది.

బోర్డు పెద్దాసుపత్రి మూడో అంతస్తులో. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కి, వరండాలో రెండు గంటలు బల్ల మీద కూర్చుని, పిలుపు వచ్చేసరికి అతని గుండె దడదడలాడుతోంది. లోపల ముగ్గురు డాక్టర్లు. చిన్న డాక్టరమ్మ బీపీ చూసింది. నూట డెబ్భై మీద నూట నాలుగు. పెద్ద డాక్టరు ఫైలు తిరగేశాడు. మూడొందల నలభై కనిపించింది, కళ్ళు తిరిగి పడిన సంగతి కనిపించింది. పెన్ను మూత తీశాడు.

అప్పుడే ఆయన నోరు ఊరుకోలేదు. సంతకం పెట్టబోతూ పక్క డాక్టరుతో, "వీళ్ళందరూ ఇంతే. ఊదడం, తాగడం, అడ్డమైన గడ్డీ తినడం. ఒంటి మీద ఒక్కడికీ శ్రద్ధ ఉండదు. చివరికి కూర్చోబెట్టి పింఛనివ్వమని మన దగ్గరికి తయారు" అన్నాడు.

బావ చెప్పిన మాట అతనికి గుర్తుంది. నోరు మూసుకుని ఉండాలని తెలుసు. కాని చెవుల్లోంచి సెగ వచ్చింది. ఒంటి మీద శ్రద్ధ లేదా? పంచదార లేని టీ, దుప్పటి లాగిన తెల్లవారుజాములు, పద్నాలుగు నెలల పాటు పొడుచుకున్న వేళ్ళు, ఆ చప్పిడి టీని తోడుగా తాగిన పెళ్ళాం. ఇవన్నీ ఈ మనిషి ఒక్క మాటతో కాల్వలో పడేస్తున్నాడు.

"లేదండీ. నేను అలాంటివాణ్ణి కాదు" అన్నాడు. మామూలుగానే అన్నాననుకున్నాడు కాని అది బాయిలరు హౌసు గొంతు, గది దద్దరిల్లింది. "కావాలంటే చూడండి" అని పుస్తకం బల్ల మీద పెట్టాడు.

డాక్టరు విసుగ్గా తెరిచాడు. ఒక పేజీ, రెండు పేజీలు. తరువాత కళ్ళజోడు సర్దుకుని కుర్చీ ముందుకి లాక్కున్నాడు. పక్క డాక్టరుకి చూపించాడు. డాక్టరమ్మ కూడా లేచొచ్చి చూసింది. "మిఠాయి రెండు ముక్కలు, తప్పు నాదే" అన్న చోట ముగ్గురూ నవ్వారు, అదీ ముద్దుగానే. "ఇవన్నీ మీరే రాశారా?" అంది డాక్టరమ్మ. "ఒక్కటి కూడా ఊహించి రాయలేదండీ" అన్నాడు అతను.

"మీరు కంగారులో ఉన్నారు, పది నిమిషాలు కూర్చోండి" అన్నాడు పెద్ద డాక్టరు. ఆయన పలకరింపులోకి 'మీరు' వచ్చేసింది. పది నిమిషాల తరువాత చూస్తే నూట ముప్పై రెండు మీద ఎనభై నాలుగు. వేలు పొడిచి చూస్తే షుగరు నూట పద్దెనిమిది. ఆయన లేచి నిలబడి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. "శభాష్! ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి మనిషిని చూడలేదు. మీ బాయిలరు కంటే మీరే కండిషన్‌లో ఉన్నారు. ఇంకో పదేళ్ళు నిక్షేపంలా పనిచేస్తారు" అంటూ ఫైలు మీద ముద్ర కొట్టాడు. ఫిట్.

డాక్టరంతటివాడు అతని మసి గోళ్ళ చెయ్యి పట్టుకుని ఊపడం అతని జన్మలో అదే మొదటిసారి. ఆ సంబరంలో వరండా చివరిదాకా ఛాతీ విరుచుకుని నడిచాడు. అంతవరకూ, అంటే ఓ నలభై అడుగులు, ప్రపంచంలో అతనంత గొప్పవాడు లేడు. మెట్ల దగ్గరికి వచ్చి కమ్మీ పట్టుకున్నాక తను ఏం చేశాడో తెలిసింది. అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. పైకి వెళ్ళేవాళ్ళు, పాపం ఏ జబ్బో అని పక్కకి తప్పుకుని వెళ్ళారు.

ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. ఫైలు అందించాడు. ఆమె ముద్ర చూసింది, అతని మొహం చూసింది. "ఎలా జరిగిందండీ?" అంది. చెప్పాడు. ఆమె తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె పుస్తకం అందుకుని, కొంగుతో అట్ట తుడిచి, బల్ల మీద పెట్టింది. "పోనీలెండి, ఒళ్ళు బాగుందిగా" అంది. ఆ మాటలో ఊపిరి లేదు. ఇంకో ఆరేళ్ళు. అప్పటికి అరవై, పెద్దాయన ఇంటికెళ్ళిన వయసే.

సాయంత్రం బావ వచ్చాడు. విషయం అప్పటికే ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. వస్తూనే నెత్తి కొట్టుకున్నాడు.

"పుస్తకం ఎవడు పట్టుకెళ్ళమన్నాడయ్యా నిన్ను? చేతికందినదాన్ని నువ్వే విసిరికొట్టావు కదా బావా!"

"ఆయన అన్న మాటకి ఊరుకోలేకపోయాను బావా."

"మాటంటే ఒళ్ళు కాలిపోతుందా? సరే, అయిందేదో అయింది. ఆరు నెలలు ఆగితే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, రూల్సులో ఉంది. ఇంకొక్క ఛాన్సే. ఈసారి పాత కాగితాలు చూడరు, ఆ రోజు ఒంట్లో ఏముందో అదే చూస్తారు." బావ గొంతు తగ్గించాడు. "నేను చెప్పేది వినండి. ఈ నడకలూ, ఈ చప్పిడి తిండీ కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మందులు ఓ పూట వేసుకున్నాడు, ఓ పూట మర్చిపోయాడు. మనుషులన్నాక మర్చిపోరా? ప్రత్యేకంగా నువ్వేమీ చెయ్యక్కర్లేదు బావా. ఏమీ చెయ్యకుండా ఉంటే చాలు, అంకెలు వాటంతటవే లేస్తాయి."

భార్య చివాల్న లేచింది. "అన్నయ్యా! నీ నోటికి అడ్డూ ఆపూ లేదా? ఎవరి గురించి మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు? ఇంకోసారి ఆ మాట ఈ ఇంట్లో అన్నావంటే బాగుండదు!"

"ఆర్నెల్లేనమ్మా. తరువాత మళ్ళీ బాగుచేసుకోవచ్చుగా. లేదంటే ఆరేళ్ళు ఆ పొయ్యి ముందు మాడాలి. నీకెందులో నష్టమో నువ్వే ఆలోచించుకో" అని ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన దుర్మార్గుడు కాదు. చెల్లెలి కాపురం బాగుండాలనే చెప్పాడు.

ఆమె మిషను ముందు కూర్చుని కుట్టింది. అతను పెరట్లో కుళాయి దగ్గర సైకిలు తుడిచాడు. అన్నాలు తిన్నారు. రంగు వాసన ఇంకా పోలేదని ఆమె అంది, ఎండలకి పోతుందిలే అని అతనన్నాడు. పడుకున్నారు.

మర్నాడు అతనికి రెండింటి షిఫ్టు. పొద్దున నడక ఉన్న వారం. సైరను మోగకముందే అతనికి మెలకువ వచ్చింది. కిటికీలో ఇంకా చీకటిగానే ఉంది. పక్కకి తిరగకుండానే ఆమె కూడా మేలుకునే ఉందని తెలిసింది. నిద్రపోతున్న మనిషి ఊపిరి వేరు, నిద్ర నటిస్తున్న మనిషి ఊపిరి వేరు. ముప్పై ఏళ్ళు ఆవిరి చప్పుళ్ళు విన్నవాడికి ఆ మాత్రం తేడా సగం చెవితోనైనా తెలుస్తుంది.

అయిదింటి సైరను మోగింది. పొడుగ్గా మోగి ఆగిపోయింది.

ఆమె తట్టి లేపుతుందని అతను ఎదురుచూశాడు. దుప్పటి లాగుతుందేమో, ఏంటండీ ఈ బద్ధకం అని అంటుందేమో అని చూశాడు. లాగితే లేద్దామనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు. నిన్న అన్న మీద విరుచుకుపడ్డ మనిషి ఆమే కదా. ఆమె చెయ్యి కదల్లేదు. తనంతట తను లేవడానికి అతనికి అడ్డమేముంది? ఏమీ లేదు. కాళ్ళు ఉన్నాయి, చెప్పులు ఉన్నాయి, మైదానం ఉంది. ఆమె కూడా అతను లేస్తాడేమోనని ఎదురుచూస్తోంది. లేస్తే తనూ లేద్దామనుకుంటోంది. ఇద్దరూ వెల్లకిలా పడుకుని, నీళ్ళు కారని కొత్త స్లాబు కేసి చూస్తూ, ఎదుటివాళ్ళు ముందు కదలాలని కాచుకున్నారు.

బయట పాలవాడి సైకిలు వెళ్ళింది. పక్కింటి తలుపు తెరుచుకుంది. కిటికీ తెల్లబడింది.

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. ఆమె అతని ఆయుష్షుని బేరం పెట్టింది, నిజమే. కాని అదే బేరానికి అతను ఆమె కంటే ముందే ఒప్పుకుని ఉన్నాడు. నిన్న ఆసుపత్రి మెట్ల మీదే, బావ ఇంకా నోరు విప్పకముందే, ఆ ఆలోచన అతనికి వచ్చింది. ఇంత సిగ్గు అతను జన్మలో ఎరగడు. ఎన్నడూ ఒక్క దొంగ అంకె రాయని మనిషి, ఇప్పుడు తన ఒంట్లోనే దొంగ అంకెలు పుట్టించడానికి మంచం మీద కదలకుండా పడుకుని ఉన్నాడు.

ఆరున్నరకి ఆమె లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది. అతని వైపు తిరగలేదు.

"నిద్ర పట్టిందాండీ?" అంది.

"ఆఁ, బాగా పట్టింది" అన్నాడు.

"నాకూ" అని ఆమె టీ పెట్టడానికి లేచింది.